బాబాయి వ్యాన్‌లో వెనక సీటుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ వెనక సీటు గారికి,

ఉప్పల్ నుంచి తరచూ మీ మీద కూర్చునేవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మా నడుములు ఒక మాదిరిగా ఉన్నవి. మీ బోల్టుల క్షేమసమాచారం వెంటనే తెలియజేయగలరు.

మీ వంశాన్ని తక్కువ చేయలేం. 1984లో రోడ్డెక్కి, 2019 దాకా తయారైన మారుతి వ్యాన్, అదే మన ఓమ్ని, మీ పుట్టిల్లు. ఆ బండి తుక్కుకు పోయాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు ఎండుతూ తడుస్తూ పడున్న మిమ్మల్ని బాబాయి బేరమాడి తెచ్చాడు. కొత్త ఫోమ్ వేయించి, మెరూన్ రెక్సిన్ తొడిగించి, తన సరుకుల వ్యాన్ ఈకో కార్గోలో బిగింపించాడు. వారమంతా బోయినపల్లి మార్కెట్ నుంచి కర్రీ పాయింట్‌కు వంకాయలు, టమాటాలు మోసే బండి అది. అప్పుడు మీరు వరండాలో దివాన్ కాట్ వేషంలో ఉంటారు. ఆదివారం రాగానే నాలుగు బోల్టులతో మళ్లీ సీటవుతారు. ఆర్‌సీలో చూస్తే డ్రైవర్‌తో కలిపి సీట్లు రెండే. ఫిట్‌నెస్‌కు పోయే రోజున అయితే మీరు అసలు పుట్టనే లేదు.

మిమ్మల్ని బిగించిన మెకానిక్ ధీమా ముందు ఏ ఇంజినీరూ నిలవడు. "సార్, ఏనుగు కూసున్నా కదల్ది" అన్నాడు. నిజమే కావచ్చు, ఏనుగు కదలకుండా కూర్చుంటే. కానీ మేం కూర్చునేది పోయే బండిలో. గంటకు 50 కిలోమీటర్ల మీద పోతున్న బండి దేన్నైనా గుద్ది అర మీటరులో ఆగిందనుకోండి, 60 కిలోల మనిషి టన్నుకు పైగా బరువుతో ముందుకు తోసుకొస్తాడు. పక్కన ఇంకో ఇద్దరుంటే మూడింతలు. అందుకే కంపెనీ వాళ్లు సీటు పెట్టే చోట ఫ్లోరు కింద అదనపు ఇనుము వేసి, బెల్టుల కోసం వేరే బిగింపులు పెట్టి, పరీక్షలు చేసి మరీ అమ్ముతారు. మీ కింద ఉన్నది పల్చటి రేకు, దాని మీద ప్లైవుడ్ చెక్క, కింద రూపాయి బిళ్లంత వాషర్. గట్టిగా లాగితే బోల్టు విరగనక్కర్లేదు, రేకు చిరుగుతుంది. ఇక బెల్టులంటారా, అవి మీ పుట్టింట్లోనే ఉండిపోయాయి. డ్రిల్లు పెట్టినప్పుడు కింద పెట్రోలు పైపు ఎటు పోతుందో ఎవరైనా వంగి చూశారా? మీరు దగ్గరుండి చూశారు కాబట్టి అడుగుతున్నా.

చట్టం సంగతి చెప్తే బాబాయి నవ్వుతాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్నారు గమనించండి. మీరొక మార్పు, మీ తల మీద తిరిగే చిన్న ఫ్యాను ఇంకో మార్పు అంటారేమోనని నా టెన్షన్. పరిమితికి మించి ఎక్కిన మనిషికి 200 చొప్పున వేరే. పైగా ఆ ఎక్కువైనవాళ్లను దించి, ఇంకో బండి ఏర్పాటు చేసేదాకా వ్యాన్ కదలకూడదు. అంటే ఘట్‌కేసర్ దగ్గర నానమ్మను దించి, ఆటో కోసం రోడ్డు మీద నిలబెట్టాలన్నమాట.

ఇన్సూరెన్స్ మరీ తమాషా. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు కంపెనీ పరిహారం కట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. సరుకు యజమానికీ, అతని ప్రతినిధికీ మాత్రం 1994 సవరణలో చోటుంది. ఈ ముక్క ఎవరు చెవిన వేశారో గానీ, అప్పటి నుంచి బాబాయి ఎక్కేవాళ్లందరి ఒళ్లో ఒక్కో కూరగాయల సంచి పెడుతున్నాడు. నానమ్మ కాకరకాయలకు అధికార ప్రతినిధి. అత్తయ్య ఉల్లిగడ్డలు. కొత్తగా వచ్చిన అల్లుడికి మర్యాదగా కాలీఫ్లవర్ ఇచ్చారు.

మీ ఆతిథ్యం గురించి ఎక్కువ చెప్పను. వెనక కిటికీల చోట రేకే కాబట్టి యాదగిరిగుట్ట దాకా ఎక్కడున్నామో తెలియదు. వాంతి వచ్చిన పిల్లవాడికి మాత్రం భువనగిరి వచ్చిందని ఎలాగో తెలుస్తుంది.

అసలు బాధ ఏమిటంటే, ఇదే ఈకో అయిదు సీట్లతో షోరూంలోనే దొరుకుతుంది. బెల్టులతో, కిటికీలతో, ఆర్‌సీలో రాసి మరీ. ఆ మాటంటే బాబాయి, "అప్పుడు టమాటాలు ఏడ పెట్టాల్రా?" అంటాడు. టమాటాలకు చోటు గురించి ఆయన ఆలోచించినంతగా మా గురించి మా సొంత నాన్నలు కూడా ఆలోచించలేదు. ట్రేలు జారకుండా తాడు కడతాడు, పైన గోనె కప్పుతాడు. మాకు తాడు కూడా లేదు.

వచ్చే ఆదివారం మళ్లీ గుట్ట ప్రయాణం. మా ఆవిడ, పిల్లలు, నేను ఉప్పల్‌లో ఆర్టీసీ బస్సు ఎక్కుతున్నాం. నానమ్మ మాత్రం మీ పక్షమే, బస్సులో కాళ్లు చాపుకోవడం కుదరదట. అందుకని ఒక విన్నపం. ఎప్పటికైనా మీరు ఊడే ఉద్దేశంలో ఉంటే ఆదివారం దాకా ఆగకండి. శనివారం సాయంత్రం, బండి ఇంటి ముందు ఆగి ఉండగా, బిగింపు ఎలా ఉందో చూద్దామని బాబాయీ మెకానికూ కలిసి మీ మీద కూర్చున్నప్పుడు కానివ్వండి.

ఇట్లు,
వంకాయల తరఫున ప్రయాణించే మీ బంధువు