ఏడు అండాలు, ఒక సంతకం

పిల్లల్లేని దంపతులను ఆదుకోవడానికి మా ఉత్తరాంధ్రలో అండాలిచ్చే ఆడమనుషుల్ని వెతికి తెచ్చే ఏజెంటమ్మ ఒక్కతే సరిపోయేది. కేంద్రం ఊరుకోలేదు. 2021లో పిల్లలు పుట్టడానికి చేసే వైద్యం మీద ఏఆర్‌టీ చట్టం చేసి, 2022 జనవరి 25 నుంచి అమల్లో పెట్టింది. అండదాత వయసు 23కీ 35కీ మధ్య ఉండాలట. జన్మలో ఒక్కసారే ఇవ్వాలట. ఏడుకు మించి తీయకూడదట, తీసినవి ఒక్క జంటకే ఇవ్వాలట. పలాసలో జీడిపిక్కలు కొట్టి కూలి తెచ్చుకునే మనిషికి ఇన్ని లెక్కలు చెప్పేదెవరు? అందుకే ఏజెంటమ్మ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది: “ఏటే నీ బయం? పది సూదులు, ఒక పూట మత్తు. సాయంకాలం బస్సెక్కీసి వచ్చీడమే.”

మాట తప్పు కాదు, కొంచెం పొట్టిది. రోజూ హార్మోన్ సూదులు పది పన్నెండు రోజులు ఉంటాయి, మధ్యలో స్కానింగులు. ఆఖరున అండాల్ని పక్వానికి తెచ్చే ట్రిగ్గర్ సూది. అది పడ్డాక 34 నుంచి 36 గంటలకు మత్తిచ్చి, స్కానింగులో చూస్తూ యోని మార్గంలో సూది పంపి అండాలు లాగుతారు. ఆ సూదులకు పదో పదిహేనో అండాలు తయారు కావచ్చు. అండాశయాలకు గెజెట్ చదివే అలవాటు లేదు కదా. ఏడు దగ్గర ఆగారా లేదా అని లెక్కపెట్టుకునే పూర్తి హక్కు దాతకు ఉంది. ఆ సమయానికి ఆమె మత్తులో ఉంటుంది, అంతే.

‘జన్మలో ఒక్కసారే’ అన్నదానికి మాత్రం మనవాళ్లు చక్కని ఉపాయం కనిపెట్టారు: చెల్లెలి ఆధార్. దాత వివరాలు ఆధార్‌తో సహా రాసుకోవాల్సింది రిజిస్టరైన అండాల బ్యాంకు. రెండోసారి వెళ్లేటప్పుడు పేరు మారితే చాలు. ఇక్కడే చిన్న చిక్కు. అండం తీసుకునే జంట దాత పేరున 12 నెలలకు బీమా చేయించాలి. అండాలు తీయడం వల్ల వచ్చే ఇబ్బందుల ఖర్చు దానిమీదే రావాలి. పాలసీ చెల్లెలి పేరున ఉంటుంది, కడుపు అక్కకు ఉబ్బుతుంది. బీమా కంపెనీవాళ్లకు ఇలాంటి అనుబంధాలు అర్థం కావు.

అండాలు అమ్మడం నేరం. దాతల్ని తేవడానికి మధ్యవర్తుల్ని పెట్టుకోవడమూ నేరమే. మొదటిసారైతే 5 నుంచి 10 లక్షల జరిమానా, మళ్లీ చేస్తే 3 నుంచి 8 ఏళ్ల జైలు, పైన 10 నుంచి 20 లక్షలు. కనుక ఏజెంటమ్మ మధ్యవర్తి కాదు, తోడొచ్చిన పిన్ని. చేతిలో పెట్టేది ధర కాదు, దారిఖర్చు. పిన్నిని రసీదు అడిగే కోడలు ఎక్కడైనా ఉంటుందా?

బిడ్డ సంగతికొస్తే చట్టం మెలికల్లేకుండా ఉంది. పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే, దాతకు ఏ హక్కూ లేదు. రేపు స్కూలు ఫీజు కట్టమని ఆమె గుమ్మానికీ ఎవరూ రారు. సొంత మనుషులకైనా మినహాయింపు లేదు. అక్క కోసం చెల్లెలు అండాలిచ్చిన కేసులో, అండమిచ్చినంత మాత్రాన కవలల మీద తల్లి హక్కు రాదని బాంబే హైకోర్టు 2024లో చెప్పేసింది.

దాతకూ బాధ్యతలున్నాయి: వయసు, జబ్బులు, ఇదివరకు ఇచ్చారా లేదా అన్నవి నిజం చెప్పాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు చేయించుకోవాలి. ఆ రిపోర్టులు, సంతకం పెట్టిన కాగితం నకలు, బీమా పాలసీ, వేసిన మందుల చీటీ అడిగి తెచ్చుకోవడం బాధ్యతో హక్కో నాకైతే తేడా కనబడదు. పిన్ని మాత్రం “ఆ కాగితాలు నాకాడ బద్రంగుంటాయిలే” అంటుంది.

అండాలు తీసిన వారం రోజుల్లో కడుపు ఉబ్బి, వాంతులై, ఉచ్చ తగ్గి, ఆయాసం వచ్చిందంటే అండాశయాలు సూదులకు మోతాదు మించి స్పందించాయని అనుమానించాలి, ఆలస్యం చేయకూడదు. 108లో శ్రీకాకుళం పెద్దాసుపత్రికి చేరాక డ్యూటీ డాక్టరు మొదట అడిగేది ఏ సూదులు, ఎన్ని, ఎప్పుడు వేశారని. పిన్ని ఫోను స్విచ్చాఫ్. “చిన్న సీసాలు బాబూ, ఫ్రిజ్జులోంచి తీసీవోరు” అన్నదే దాత దగ్గరున్న మెడికల్ రికార్డు.