ముద్రలను మందుబిళ్లల్లా పంచకండి

షుగర్‌కి ఒక ముద్ర, థైరాయిడ్‌కి ఒక ముద్ర, బరువు తగ్గడానికి సూర్యముద్ర, చెవిపోటుకి శూన్యముద్ర. నెల్లూరులో పొద్దున్నే ఏ పార్కుకి పోయినా యోగా క్లాసు కనిపిస్తోంది, సంతోషమే, కానీ చాలాచోట్ల ఆసనాలూ ప్రాణాయామమూ వెనక్కి పోయి ఈ వేళ్ల వైద్యం ముందుకొచ్చింది. బొటనవేలు అగ్ని, చూపుడువేలు వాయువు, మధ్యవేలు ఆకాశం, ఉంగరపువేలు భూమి, చిటికెనవేలు నీరు, ఏది తగ్గితే ఆ వేలు కలపాలట. ధ్యానంలో కూర్చునేటప్పుడు ఆ భావన పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. దాన్ని నమ్ముకుని మాత్రలు తగ్గించుకోమని చెప్తున్నారు చూడండి, అక్కడే నాకు మండుతుంది.

ముద్రలంటే నాకు ప్రాణం కాబట్టే ఈ కోపం. శివాలయంలో దక్షిణం వైపు గోడ దగ్గర కాసేపు ఆగి దక్షిణామూర్తి చెయ్యి చూడండి. చూపుడువేలు వంగి బొటనవేలిని తాకుతుంది, మిగతా మూడూ విడిగా ఉంటాయి. జీవుడు మూడు గుణాలనూ విడిచి పరమాత్మను చేరడం అని పెద్దలు చెప్తారు, నోరు విప్పకుండా ఆయన శిష్యులకు చెప్పిన పాఠమంతా ఆ చేతిలోనే ఉంది. కూచిపూడి నేర్చుకునే పిల్లలు దాదాపు అదే పట్టును హంసాస్యం అంటారు, తాళి కట్టడం చూపించాలన్నా ఉపదేశం చూపించాలన్నా అదే. సంధ్యావందనంలో గాయత్రి జపానికి ముందు సుముఖం, సంపుటం అంటూ 24 ముద్రలు పట్టే తాతలు మనకు ఇంకా ఉన్నారు. వాళ్లు మోకాళ్ల నొప్పుల కోసం పట్టడం లేదు.

ఇంక హఠయోగం సంగతి. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక మూడో అధ్యాయంలో చెప్పిన ముద్రలు పది. ఖేచరిలో నాలుకను వెనక్కి మడవాలి, విపరీతకరణిలో కాళ్లు పైకెత్తాలి, గొంతు, పొట్ట, మూలం దగ్గర బిగించి పట్టే మూడు బంధాలు కూడా ఆ పదిలోవే. వేళ్లు కలిపి కూర్చునేది అందులో ఒక్కటీ లేదు. ప్రతి రోగానికీ ఒక వేలు చూపించే చార్టును హఠయోగం పేరుతో అమ్మేవాళ్లు ఆ అధ్యాయం ఒక్కసారి చదవాలి.

అయితే వేళ్ల ముద్ర ఎందుకూ పనికిరాదా అంటే, భేషుగ్గా పనికొస్తుంది. వేలికొసల్లో స్పర్శ తెలిసే నరాలు బాగా ఒత్తుగా ఉంటాయి, మెదడులో చేతి స్పర్శకు ఉన్న చోటూ పెద్దదే. అందుకే చిన్ముద్రలో, అంటే దక్షిణామూర్తి చేతిలో చూసిన ఆ పట్టులో, అంత తేలికపాటి తాకిడి కూడా మనసుకి ఆనుతుంది. ఇంటి లోను మీదకో పిల్ల పెళ్లి మీదకో ఆలోచన పోయిందనుకోండి, వేళ్లు విడిపోతాయి, లేదంటే తెలియకుండానే గట్టిగా నొక్కుకుంటాయి, అది గమనించగానే మళ్లీ ఊపిరి మీదకు రావచ్చు. టెన్షన్ తగ్గి నిద్ర బాగా పడుతుందని ఎవరైనా అంటే నేను నమ్ముతాను.

ఒక క్లాసులో ఒక అక్క ఉండేది. రొయ్యల ప్లాంటులో ఏళ్ల తరబడి ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచిన మనిషి, వేళ్లు బిగుసుకుపోయి మూడు వేళ్లూ చాపలేకపోయింది. "అట్టా పడితే ఫలితం రాదమ్మా" అని అందరి ముందూ అనేశారు. ఆమె మళ్లీ రాలేదు. అక్కా, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊపిరి గమనిస్తూ కూర్చో, అదీ ధ్యానమే, నీకేం తక్కువ కాదు.

అన్నిటికంటే భయం వేసేది చూపుడువేలు మడిచి పట్టే అపాన వాయు ముద్ర గురించిన మెసేజ్. దానికి మృతసంజీవని అని కూడా పేరు, గుండెనొప్పి వస్తే మాత్ర కంటే ముందే పనిచేస్తుందని ఫార్వర్డ్ చేస్తున్నారు. గుండెపోటులో రక్తం గడ్డకట్టి రక్తనాళం మూసుకుపోతుంది, రక్తం అందని కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. చూపుడువేలు మడిస్తే ఆ గడ్డ కరగదు. ఉదయగిరి వైపు పల్లెల నుంచి నెల్లూరికైనా, కనిగిరి వైపు నుంచి ఒంగోలుకైనా రావడానికే గంటకు పైగా పడుతుంది, ఇంట్లో కూర్చుని ముద్ర పట్టిన పావుగంట కూడా అందులోంచే పోతుంది. చెమటలు పట్టి ఛాతీ బరువెక్కితే ముందు 108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేదాకా ఏ ముద్ర పట్టుకున్నా నేను అడ్డం చెప్పను. మీ ఫ్యామిలీ గ్రూపులో ఆ మెసేజ్ కనిపిస్తే, పంపింది పెదనాన్నైనా మేనత్తైనా సరే, మొహమాటపడకుండా దాని కిందే ఈ మాట రాయండి.