ఓక్లాండ్ 2002: ఆ మెసేజ్ ఇక పంపకండి

ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదట కాలేజీ గ్రూపులో, తర్వాత మా బావమరిది నుంచి, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న ఆఫీసు గ్రూపులో. చదవనివాళ్ల కోసం క్లుప్తంగా: "2002లో ఓక్లాండ్ ఏస్ అనే పేద బేస్‌బాల్ టీమ్. స్టార్ ఒక్కడూ లేడు. స్కౌట్లు (ఆటగాళ్లను వెతికేవాళ్లు) పనికిరారని వదిలేసినవాళ్లను కంప్యూటర్ ఏరి తెచ్చింది. వరసగా 20 మ్యాచ్‌లు గెలిచారు, ఆ రికార్డును నేటికీ ఎవరూ దాటలేదు, ప్రపంచ చాంపియన్లయ్యారు. నీతి: పెద్ద జీతాలవాళ్లను వదిలించుకోండి, లెక్కల్ని నమ్మండి." కింద చప్పట్ల బొమ్మలు.

కాలిఫోర్నియాలో, ఓక్లాండ్ దగ్గరి ఫ్రీమాంట్‌లో ఉన్న రోజుల్లో బార్ట్ అనే లోకల్ రైలు దిగి, స్టేషన్ నుంచి వంతెన మీదుగా ఆ టీమ్ స్టేడియం కొలీజియంలోకి నడిచి వెళ్లేవాణ్ని. ఈ ఆట నాకు అబ్బింది అక్కడే. ఆ టీమ్ గురించి అబద్ధం చెబితే ఊరుకోలేను.

రికార్డు సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. 20 అప్పటికి అమెరికన్ లీగ్ (అక్కడి రెండు పెద్ద లీగుల్లో ఒకటి) రికార్డు. 2017లో క్లీవ్‌లాండ్ 22 గెలిచింది. అయిపోయింది.

చాంపియన్లా? 103 గెలిచి 59 ఓడారు, డివిజన్‌లో, అంటే లీగులో తమ టీమ్‌ల గుంపులో, మొదటి స్థానం, అంతవరకు నిజం. కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా చేతిలో 3-2తో ఇంటికెళ్లారు. అక్టోబర్ 6న ఆ ఐదో మ్యాచ్‌కి నేను స్టేడియంలో ఉన్నాను. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి 2-1తో వెనకబడి ఉన్నాం. మిన్నెసోటా ఆటగాడు పియర్జిన్‌స్కీ రెండు పరుగుల హోమ్ రన్ (బంతి ప్రహరీ దాటే దెబ్బ) కొట్టాడు, వాళ్లలోనే ఓర్టిజ్ ఇంకో పరుగు తెచ్చాడు, 5-1 అయింది. మనవాళ్ల వంతు వచ్చాక మార్క్ ఎల్లిస్ మూడు పరుగుల హోమ్ రన్ బాదాడు. 5-4. అందరం సీట్లలోంచి లేచాం. మావాడు రే డర్హమ్ కొట్టిన బంతి గీత బయటికి, ఫౌల్ వైపు గాల్లోకి లేచింది, పట్టేశారు, ఆట అయిపోయింది. పక్క సీటు పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కదల్లేదు. ఆ ఏడాది చాంపియన్ అయింది అనహైమ్ ఏంజెల్స్, మా డివిజన్‌లోనే మా వెనక రెండో స్థానంలో ఉన్న టీమ్! మెసేజ్ రాసినవాడు కప్పు ఎవరు గెలిచారో ఒక్కసారి చూసుకుని ఉంటే సరిపోయేది.

ఇక "స్టార్ ఒక్కడూ లేడు" అన్న మాట. దీన్ని క్షమించలేను. మిగెల్ తెహాదా ఆ ఏడాది 34 హోమ్ రన్లు, 131 ఆర్‌బీఐలతో (అతని బ్యాటింగ్ వల్ల టీమ్‌కు వచ్చిన పరుగులు) అమెరికన్ లీగ్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు. ఆ 20 గెలుపుల వరసలో 18వ మ్యాచ్, 19వ మ్యాచ్ ఆఖరి దెబ్బతో గెలిపించింది అతనే. పిచర్ (బంతి విసిరేవాడు) బారీ జీటో 23 మ్యాచ్‌లు గెలిచి, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్నాడు. ఇంకో ఇద్దరు పిచర్లు, మల్డర్ 19, హడ్సన్ 15. అంటే 103లో 57 గెలుపులు ముగ్గురు పిచర్లవే. ఎరిక్ చావెజ్ కూడా 34 హోమ్ రన్లు కొట్టాడు. వీళ్లు స్కౌట్లు వదిలేసినవాళ్లా? టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మల్డర్ 1998లో రెండోవాడు, జీటో 1999లో తొమ్మిదోవాడు, చావెజ్ 1996లో పదోవాడు. డొమినికన్ రిపబ్లిక్‌లో తెహాదాను వెతికి పట్టుకున్నది కూడా స్కౌట్లే. ఇందరిని తుడిచేసి "కంప్యూటర్ గెలిపించింది" అంటే ఏమనాలి?

మరి జీతాల మొత్తం నాలుగు కోట్ల డాలర్ల దగ్గరే ఎలా ఆగింది? న్యూయార్క్ టీమ్ యాంకీస్ 12 కోట్లకు పైగా పెట్టిన ఏడాది అది. ఈ ఆటలో కొత్త ఆటగాడు దాదాపు ఆరేళ్లు తనను తీసుకున్న టీమ్‌కే కట్టుబడి ఉండాలి, మొదటి మూడేళ్లూ కనీస జీతానికి అటూ ఇటూ. జీటో, మల్డర్‌లాంటి వాళ్లు చవగ్గా దొరికింది ఆ నిబంధన వల్ల. గడువు తీరాక ఆపగలిగారా? మా పెద్ద హిట్టర్ జేసన్ జియాంబీ అంతకు ముందే 12 కోట్ల డాలర్లకు యాంకీస్‌కు వెళ్లిపోయాడు. 2003 తర్వాత తెహాదా బాల్టిమోర్‌కు, 2006 తర్వాత జీటో శాన్‌ఫ్రాన్సిస్కోకు. హడ్సన్‌నీ మల్డర్‌నీ 2004 డిసెంబర్‌లో టీమే వేరే టీమ్‌లకు ఇచ్చేసింది. వాళ్లను వదిలించుకుని గెలవలేదు. వాళ్లు ఉన్నన్నాళ్లూ గెలిచింది. 2024 సెప్టెంబర్ 26న ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్ ఆడి ఊరే వదిలి వెళ్లిపోయింది.

ఆ "నీతి" మా ఆఫీసు గ్రూపులోకి ఏ వారంలో వచ్చిందో చెప్పనా? పదిహేనేళ్లు పైబడిన అనుభవం ఉన్న ఇద్దర్ని పంపించేసిన వారం. పుండు మీద కారం అంటే ఇదే. అందులో ఒకాయన నాకు పని నేర్పిన అన్న. ఆయనా ఆ గ్రూపులోనే ఉన్నాడు, చదివాడు కూడా.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, మనస్ఫూర్తిగా. పనికిరాడని వదిలేసినవాణ్ని లెక్కలు ఏరి తెచ్చాయన్న మాట స్కాట్ హాటెబర్గ్ అనే ఆటగాడి విషయంలో నిజం. మోచేతి నరం దెబ్బతిని క్యాచర్‌గా (వికెట్ కీపర్‌లాంటివాడు) పనికిరాకుండా పోయినవాణ్ని మిగతా టీమ్‌లు పెద్దగా పట్టించుకోలేదు. చెడ్డ బంతుల్ని ఓపిగ్గా వదిలేసి బేస్ (పరుగు దారిలోని మజిలీ) చేరడం ఎంత విలువైనదో లెక్కలే చూపించాయి. సెప్టెంబర్ 4 రాత్రి 11-0 ఆధిక్యం కరిగి 11-11 అయినప్పుడు, మొదటి నుంచీ బెంచీ మీదున్న అతనే వచ్చి హోమ్ రన్ కొట్టి 20వ గెలుపు తెచ్చాడు. ఇంట్లో పిల్లలు లేచేలా అరిచాను. ఆ ఒక్క ముక్క పంపండి, నేనూ పంపుతాను.

కానీ ఏస్ అతన్ని ఆడించిన ఫస్ట్ బేస్ దగ్గర అతను అంతకు ముందు ఎన్నడూ ఫీల్డింగ్ చేసినవాడు కాదు. కాళ్లు ఎక్కడ పెట్టాలో, నేల మీద దొర్లి వచ్చే బంతికి ఎలా వంగాలో రోజూ దగ్గరుండి నేర్పింది రాన్ వాషింగ్టన్ అనే కోచ్. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. నాలుగుసార్లు వచ్చిన మెసేజ్‌లో ఒక్కసారైనా ఆయన పేరు లేదు.