గంట ఎగిరాకే గంట డబ్బు

పిల్లలు పైలట్ అవుతామంటే పొలమో ప్లాటో తనఖా పెట్టి ఫ్లయింగ్ స్కూలుకు పంపే తల్లిదండ్రులు మన దగ్గర ఉన్నారు. క్లాస్-1 మెడికల్ (పైలట్‌కు కావాల్సిన ఆరోగ్య ధ్రువపత్రం), విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పేపర్లలో 70 శాతం మార్కులు వంటివి అందరికీ తెలిసినవే. మెడికల్ చేతికి రాకముందు ఫీజు కట్టొద్దని మాత్రం ఎన్నిసార్లయినా చెప్పాలి. అయితే ఇల్లు గుల్ల చేస్తున్నది పరీక్షలు కాదు, లక్షల రూపాయలు ముందే కట్టించుకునే పద్ధతి.

కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యతంతా తానే మోస్తూ పైలట్-ఇన్-కమాండ్‌గా ఉండాలి, రాత్రిపూట 5 గంటలు నడపాలి. ఇది ఏడాదిలో అయ్యే పనే, విమానం దొరికితే. చలికాలం పొద్దున్నే పొగమంచు, వానాకాలం కిందికి దిగిన మబ్బు. మధ్యలో 50 గంటలకు, 100 గంటలకు చేసే తనిఖీల కోసం విమానం హ్యాంగర్‌కు వెళ్తుంది. విమానాలు తక్కువై విద్యార్థులు ఎక్కువైన చోట ఒక్కొక్కరి వంతు వారాల తరబడి రాదు.

ఆ ఖాళీలో ముందు చెడేది ల్యాండింగ్. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానాన్ని సుమారు 65 నాట్ల (గంటకు 120 కిలోమీటర్ల) వేగంతో తెచ్చి, రన్‌వేకు కొద్ది అడుగుల ఎత్తులో ముక్కు మెల్లగా లేపి, వెనక చక్రాలు ముందు తాకేలా దించాలి. అలవాటు తప్పిన చేతికి ముక్కు చక్రమే ముందు తగిలి విమానం ఎగిరిపడుతుంది. కంగారులో కంట్రోల్‌ను ముందుకు నెడితే రెండో దెబ్బ ఇంకా గట్టిది. ప్రొపెల్లర్ నేలను తాకిందంటే ఇంజిన్ విప్పి లోపల చూడాల్సిందే. ఆ విమానం మూలన పడుతుంది, దాని మీద నేర్చుకుంటున్న అందరి వంతూ వెనక్కి పోతుంది, వాళ్ల చేతులూ అలవాటు తప్పుతాయి. మళ్లీ ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరే అదనపు గంటల భారం చివరికి విద్యార్థి మీదే పడుతుంది. అవతల బ్యాంకు వడ్డీ ఆగదు.

విమానాలు, విడిభాగాలు ఖరీదు, అడ్వాన్సు లేకుండా నడపలేమంటారు స్కూళ్ల వాళ్లు. ఖరీదన్నది నిజమే. పెట్టుబడి కావాలంటే బ్యాంకును అడగాలి గానీ, వడ్డీ లేకుండా, పూచీ లేకుండా విద్యార్థి దగ్గర తీసుకోవడమేమిటి?

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఫ్లాట్ కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం బిల్డర్ ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, పని జరిగినమేరకే తీయాలి. గోడలకున్న ఆ రక్షణ చదువుకు ఎందుకు లేదు? పైలట్ శిక్షణ ఒక్కటే కాదు, ఇంటర్ కాలేజీ అయినా కోచింగ్ సెంటర్ అయినా ఫీజు ముందు, చదువు తర్వాత. మధ్యలో మానేస్తే పైసా వెనక్కి రాదని రసీదు మీదే అచ్చేసే ధైర్యం ఈ ఖాళీ నుంచే వస్తోంది.

ఫీజు ప్రత్యేక ఖాతాలో ఉండాలి, లాగ్‌బుక్‌లో ఎగిరిన గంట నమోదయ్యాకే ఆ గంట డబ్బు స్కూలుకు చేరాలి. స్కూళ్లకిచ్చే అనుమతి షరతుల్లోనే ఈ మాట రాయాలి. అది జరిగేదాకా తల్లిదండ్రులు రెండు లెక్కలు అడగాలి: ఈ రోజు ఎగరగలిగే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి? గత మూడు నెలల్లో ఒక్కో విద్యార్థి నెలకు ఎన్ని గంటలు ఎగిరాడు? ఈ లెక్కలు చూపించని చోట చెక్కు రాయొద్దు.