మార్పు మంచిదే, ముందు మీరు మారుండ్రి

ఈమధ్య ఎవ్వర్ని కదిలించినా ఒకటే మాట, కాలంతో పాటు మారాలె, లేకుంటె వెనకబడతం అని. వందకు వంద ఒప్పుకుంటున్న. అసలు మార్పు సంగతి నల్లగొండోళ్లకు ఒకలు నేర్పాల్నా? 2016 దసరా నాడు మా పోచంపల్లి ఉన్న కాడనే ఉండి నల్లగొండ జిల్లాలకెల్లి యాదాద్రి భువనగిరి జిల్లాల పడ్డది, ఒక్కలు గూడ మంచం దిగలే. ఇగ బండ్లంటరా, ఒక్కో ఇంట్ల ఏపీ, టీఎస్, టీజీ మూడు తీర్ల నంబర్లున్నయ్, మూడూ పోయి పడే గుంత మాత్రం ఒకటే.

అయినా సరిపోలేదంట. మొన్న ఒక ఫంక్షన్ హాల్ల నేతపనోళ్లకు సదస్సు పెట్టి ఒక సారు గంటసేపు దంచిండు, క్రియేటివ్‌గ ఆలోచించుండ్రి, నెలకో కొత్త డిజైన్ దింపుండ్రి, ట్రెండ్ పట్టుకోండ్రి అని. చిటికి పనంటె ఏందో సారుకు ఎవ్వరూ చెప్పినట్టు లేరు. ముందు గ్రాఫ్ గీయాలె, ఆసు పొయ్యాలె, అంటె దారాన్ని మొలల చుట్టు అటు ఇటు చుట్టాలె, రంగు అంటొద్దన్న కాడల్ల రబ్బరు పట్టీలు బిగిచ్చి కట్టాలె, ముంచాలె, ఆరబెట్టాలె, విప్పాలె, మళ్ల ఇంకో కాడ కట్టాలె, ఎన్ని రంగులుంటె అన్నిసార్లు, గిదంత అయినంకనే మగ్గం ముచ్చట. బట్ట పుట్టకముందే దారం మీద పువ్వు ఏడ పడ్తదో లెక్కగట్టే మనిషికి క్రియేటివిటీ క్లాసు చెప్పిండంటె సారు ధైర్యానికి దండం పెట్టాలె.

చివర్ల ఒక పెద్దమనిషి లేచి, "సారూ, ఏమనుకోకు, జర ఆ అంగీ అంచు మలిపి చూపెట్టు" అన్నడు. పోచంపల్లి డిజైన్ అంగీ. మలిపిండు. లోపలంత తెల్లగ! నేసిందైతె రెండు దిక్కులా ఒక్కతీరే రంగుంటది, పువ్వు అంచు జర చెదిరినట్టుంటది, గిది మిల్లు ప్రింటు. సారు ఏం తడబడలే, "ఇది కూడా మార్పే కదా పెద్దాయనా" అన్నడు.

నేను సారు దిక్కే. 2005లనే జీఐ, అంటె ఇది ఈ ఊరి సరుకే అన్న గుర్తింపు, వచ్చిన డిజైన్‌ను ఒక్క ముడి ఎయ్యకుండ, ఒక్క మగ్గం పెట్టకుండ మీటర్లకు మీటర్లు అచ్చుగుద్ది పోచంపల్లి అని అమ్ముతున్నరంటె అంతకు మించిన క్రియేటివిటీ ఏముంటది చెప్పుండ్రి.

మా దిక్కు ఒకాయన మాత్రం రూల్ తప్పిండు. ఆలేరు దగ్గర శారాజిపేట చింతకింది మల్లేశం, ఏ సదస్సుకు పోలే, బడి గూడ మధ్యలనే ఆగింది. చీరకు వేలసార్లు చెయ్యి అటు ఇటు తిప్పి తిప్పి అమ్మకు భుజం పడిపోతుంటె చూడలేక ఏండ్లకేండ్లు తిప్పలు పడి 1999ల ఆసు మిషన్ చేసిండు, నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. అప్పటిదాక పిచ్చోడన్నోళ్లే తర్వాత ఆహా అన్నరు, 2017ల పద్మశ్రీ వచ్చె. సారు స్లైడ్లల్ల ఆయన ఫొటో పెద్దగ ఉన్నది, భుజం నొప్పి స్లైడే లేదు, టైం సరిపోలేదేమో పాపం.

ఇంకో సదస్సు ఉన్నదంటున్నరు, ఈసారి ఏఐతోని డిజైన్లు గీసుడు. మంచిదే, గీయనీయుండ్రి, ముడులు ఎవలు కడ్తరో గది గూడ ఆ కంప్యూటర్‌నే అడుగుండ్రి. ఆగస్టు 7 చేనేత దినోత్సవానికి స్టేటస్‌లు పెట్టేటోళ్లు మాత్రం ఫొటో దిగేటప్పుడు జర పైలం, కొంగు గాలికి మలగకుండ పిన్నీసు పెట్టుకోండ్రి.