వికర్ణుణ్ణి మరిచారు

కష్టాలు పడ్డవాడే న్యాయమెరిగిన పాలకుడవుతాడని, అందుకు ధర్మరాజే సాక్ష్యమని వ్యాసకర్త రాశారు. ఆ వాదన నాకు సగమే నిలిచింది. ముందు తాను ఓడిపోయినవాడు ఆ తరువాత భార్యను పణంగా ఒడ్డడం చెల్లుతుందా అని ద్రౌపది నిండు సభలో అడిగినప్పుడు, ధర్మం సూక్ష్మమంటూ భీష్ముడు తప్పుకోగా, ధర్మరాజు తల వంచుకున్నాడు. చెల్లదని తేల్చి చెప్పినవాడు ఏ కష్టమూ ఎరుగని కౌరవుడు వికర్ణుడు. (విదురుడి సంగతి వేరు, ఆయన మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు.) మా విజయనగరం సంగతే చూడండి: ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కన్యాశుల్క వివాహాల లెక్క తీయించగా 1,034 తేలాయని, అందులో అయిదేళ్ల పిల్లలే 99 మంది అని గురజాడ తన నాటకానికి 1897లో రాసిన పీఠికలో నమోదు చేశారు. ఆ లెక్క తీయించిన ప్రభువు వనవాసం చేసి వచ్చినవాడు కాడు.