మూలాపేట బాక్సు, బెంగళూరు మీట

కరెంటు పోయి వస్తే ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది, ఫ్రిజ్ దానంతట అదే గుర్రుమంటుంది. మా సెట్‌టాప్ బాక్సుకు మాత్రం అంత తేలిగ్గా లేచే అలవాటు లేదు. ఎర్ర లైటు వెలిగించుకుని కూర్చుంటుంది. ఎవరైనా రిమోటుతో బొట్టుపెట్టి పిలిస్తే గానీ పచ్చ లైటుకు రాదు. దీనికి స్టాండ్‌బై అని పేరు. లోపల పెద్ద చిప్పు ముసుగుతన్ని పడుకుంటుంది. రిమోటు పిలుపు వినడానికి ఒక చిన్న సర్క్యూటు మాత్రం కాపలా కాస్తుంది.

నెల్లూరు మూలాపేటలో మా మేనత్త ఇంట్లో ఆ కాపలా వ్యర్థం. పిలవాల్సిన రిమోటు ఎప్పుడూ మామయ్య కింద ఉంటుంది. కింద అంటే, ఆయన కూర్చున్న చోట, ఆయన కింద. లేవమంటే లేవరు. వెతకమంటే కూర్చునే వెతుకుతారు.

పూర్వం ఈ గొడవ లేదు. కేబుల్ తీగ నేరుగా టీవీ వెనక్కి వెళ్లేది. 2012లో మహానగరాల్లో డిజిటల్ కేబుల్ మొదలై, విడతలు విడతలుగా మా ఊరికీ వచ్చాక తీగకూ టీవీకీ మధ్య ఈ బాక్సు దూరింది. ఒక రిమోటు రెండయ్యాయి. దీనితో దాన్నీ, దానితో దీన్నీ లేపబోయి, చివరకు “టీవీ పోయింది నాయనా” అని అత్తయ్య బెంగళూరుకు ఫోన్ చేయడం ఆనవాయితీ అయింది.

బెంగళూరులో మా బావ ఉన్నాడు. సాఫ్ట్‌వేరు. ఏ దేశంలో పడుకున్న కంప్యూటర్‌నైనా కూర్చున్న కుర్చీలోంచే లేపుతాడట. అలాంటివాడు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే దూరంలో ఉన్న కన్నతల్లి బాక్సును లేపలేకపోవడమేమిటి? పరువు సమస్య.

దసరాకు వచ్చినప్పుడు ఫోనుతో నడిచే ప్లగ్గు ఒకటి బిగించి వెళ్లాడు. అక్కడ నొక్కితే ఇక్కడ బాక్సుకు కరెంటు పోయి, మళ్లీ వచ్చేది. వచ్చాక? ఎర్ర లైటు. కరెంటు శాఖ ఊరికే ఇచ్చే కోతను డబ్బు పెట్టి కొనుక్కున్నాం.

తరువాత, పడుకున్న యంత్రాన్ని నెట్‌వర్కు మీదుగా లేపే కబురు ఒకటి ఉందన్నాడు. ముందు ఒక గుర్తును 6 సార్లు పంపి, ఆపైన ఆ యంత్రం చిరునామాను 16 సార్లు వరసగా చదవాలట. షోడశోపచారాలన్న మాట. అన్నీ చేశాక తెలిసిందేమిటంటే, మా బాక్సుకు వచ్చేది కేబుల్ తీగ ఒక్కటే, దానికి ఇంటర్నెట్టుతో చుట్టరికమే లేదు. దేవుడు లేని గుడిలో పూజ ఎంత శ్రద్ధగా జరిగితే మాత్రం ఏం లాభం?

మూడోది సంక్రాంతికి కొరియర్‌లో వచ్చింది. అరచేతిలో ఇమిడే నల్ల బిళ్ల. ఇంటర్నెట్టులో వచ్చిన ఆజ్ఞను అందుకుని, రిమోటులాగే కంటికి కనపడని పరారుణ కాంతిని వదులుతుంది. రిమోటు ఒకవైపే చూస్తుంది, ఇది గది అంతటికీ చల్లుతుంది. షోకేసు మీద పెట్టాం. బెంగళూరులో బావ నొక్కాడు. మూలాపేటలో పచ్చ లైటు వెలిగింది. అత్తయ్య వీధి గుమ్మంలోకి వెళ్లి ఎదురింటివాళ్లకు వినపడేటట్టు, “మావాడు అక్కడినుంచే టీవీ పెట్టాడు” అంది.

ఆ కీర్తి వారం కూడా నిలవలేదు.

రిమోటు మీద ఉన్న పవర్ మీట ఒక్కటే. లేపడానికీ అదే, పడుకోబెట్టడానికీ అదే. పోనీ, నొక్కినవాడికి బాక్సు ఏ స్థితిలో ఉందో తెలుస్తుందా అంటే, ఆ కాంతి వెళ్లడమే గానీ తిరిగొచ్చి కబురు చెప్పదు. బావ ఫోనులో కనిపించే ‘ఆన్’ బాక్సును చూసి చెప్పింది కాదు, తాను నొక్కిన నొక్కుల లెక్కను బట్టి ఊహించింది. దాంతో ఏడున్నరకు సీరియల్ మొదలవగానే, అమ్మ ఇబ్బంది పడకూడదని కొడుకు నొక్కేవాడు. అప్పటికే అమ్మ రిమోటు సంపాదించి టీవీ పెట్టుకుని ఉండేది. కోడలు నోరు తెరిచేలోగా తెర నల్లబడేది. సీరియల్లో కోడలు సంగతి నేను చెప్పేది.

“ఆగిపోయింది నాయనా!”

“ఉండమ్మా, పెడతాను.”

బావ నొక్కుతాడు. అదే క్షణంలో ఇక్కడ మామయ్య అవసరం గమనించి, ఎన్నడూ లేనిది, కాస్త పక్కకు ఒరిగి రిమోటు తీసి ఆయనా నొక్కుతారు. పచ్చ, వెంటనే ఎర్ర.

“వచ్చిందా అమ్మా?”

“వచ్చి వెళ్లింది.”

ఇదిలా ఉండగా ఎదురింట్లో వేరే కథ నడుస్తోంది. అక్కడ ఉండేది రిటైరైన లెక్కల మాస్టారు. మూలస్థానేశ్వర స్వామి గుడి దగ్గర పాత వీధులు ఎంత ఇరుకో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వాళ్ల పోపు ఘాటుకు మనం తుమ్ముతాం. కేబుల్ ఆయన ఒక్కడే కాబట్టి వీధి మొత్తానికీ ఒకే రకం బాక్సు. పరారుణ కాంతి గోడను దాటలేదు గానీ తెరిచిన కిటికీ దానికి రాజమార్గం. మా ఇంట్లో పచ్చ లైటు వెలిగినప్పుడల్లా మాస్టారింట్లో ఎర్ర లైటు వెలిగేది. ఒకసారి క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లో పోయింది. ఆయన కేబుల్ ఆయనను పిలిపించి, బాక్సు మార్పించి, తీగ మార్పించి, చివరకు వాస్తు ప్రకారం టీవీ బల్ల కూడా మార్పించారు. టీవీ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వచ్చింది. మా కిటికీకి ఇంకా దగ్గరయింది.

గుట్టు విప్పింది కేబుల్ ఆయనే. రోజూ పదిళ్ల రిమోట్లు చూసేవాడు కదా, బ్యాటరీ అయిపోయిందో లేదో తేల్చడానికి రిమోటు ముందు ఫోను కెమెరా పెట్టి చూడటం ఆయనకు అలవాటు. మన కంటికి కనపడని ఆ కాంతి చాలా ఫోన్ల కెమెరాలకు ఊదారంగు మినుకుగా కనపడుతుంది. మాస్టారి వరండాలో నిలబడి, ఫోను ఊరికే మా కిటికీ వైపు తిప్పాడు. సరిగ్గా ఏడున్నర. షోకేసు మీద నల్ల బిళ్ల నాలుగు వైపులా ఊదారంగు కక్కింది.

వచ్చి తిట్టలేదు, మంచివాడు. పాత క్యాలెండర్ అట్ట ముక్క ఒకటి చించి, కిటికీ వైపు అడ్డంగా నిలబెట్టాడు. ఆపైన బావతో ఫోనులో, “సార్, పవర్ మీట వదిలేయండి. ఈ బాక్సు ఛానల్ నంబరు నొక్కినా లేస్తుంది. అప్పటికే లేచి ఉంటే ఆ ఛానల్‌కు వెళ్తుందే తప్ప ఆగిపోదు” అన్నాడు. ఇంజనీరు బావ కాసేపు మాట్లాడలేదు.

బావ భక్తిపరుడు. ఏడున్నరకు ఎస్వీబీసీ నంబరు పెట్టాడు. ఇప్పుడు బాక్సు ఆగడం లేదు. సీరియల్లో కోడలు నోరు తెరవగానే స్వామివారు ప్రత్యక్షమవుతున్నారు. అత్తయ్య రెండు రోజులు చెంపలేసుకుంది. దేవుణ్ణి మార్చమని కొడుకుతో ఎలా చెబుతుంది? మూడో రోజు ధైర్యం చేసి, స్వామివారిని పొద్దున్న ఐదింటికి మార్పించి, ఏడున్నరకు సీరియల్ నంబరే పెట్టించుకుంది.

అక్కడితో మామయ్య వార్తలకు కాలం చెల్లింది. రిమోటు ఆయన కిందే ఉంది, ఛానల్ మాత్రం బెంగళూరు నుంచి మారుతోంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పై ఆఫీసు ఆర్డర్లకు తల ఒగ్గిన మనిషి ఈ ఆర్డరును మాత్రం సహించలేకపోయారు. అత్తయ్య వంటింట్లో ఉన్నప్పుడు లేచారు. స్వయంగా లేచారు, నేను చూశాను. అట్ట ముక్కను కిటికీ వైపు నుంచి తీసి, బిళ్లకూ మన టీవీకీ మధ్య నిలబెట్టి, వచ్చి రిమోటు మీద కూర్చున్నారు.

ఇప్పుడు ఏడున్నరకు ఎదురింట్లో సీరియల్ వస్తోంది. మాస్టారు కోపంగా గడప దిగబోతుంటే వెనక నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “ఎక్కడికండీ? కూర్చోండి. ఆ కోడలు ఏమంటుందో నెల నుంచీ సగం సగమే చూస్తున్నాను.”